అయస్కాంతం కట్టిన సైకిలు

దుర్గారావు గారిని దొంగ అన్నది నేనే. ఎవరో అంటే పక్కన నిలబడ్డానని రాసుకుంటే నాకు కొంత సులువుగా ఉండేది. కానీ ఆ తెల్లవారుజామున ఆయన సైకిలు హ్యాండిల్ పట్టుకుని ఆపింది నేను. ఫోటో తీసింది నేను. దాని కింద ‘స్క్రాప్ చోర్ పట్టుబడ్డాడు’ అని రాసి మా ఖుర్సీపార్ బస్తీ ఫోన్ గ్రూపులో పెట్టింది కూడా నేనే.

అది రెండేళ్ళ కిందటి జనవరి. భిలాయి పక్కన హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో మందపు ఇనుప ప్లేట్లు కోసే ఒక యూనిట్‌కి నేను కొత్తగా చేరిన రాత్రి కాపలా. అంతకు వారం ముందే వెనక గోడ మీంచి ఎవరో రెండు బస్తాల కోత ముక్కలు ఎత్తుకుపోయారు. సూపర్‌వైజర్ అనిల్ అందరి ముందూ, “సో రహా థా క్యా, గిరీష్?” అని అడిగాడు. నేను నిద్రపోలేదు. గేటు లైటు కింద కూర్చుని పుస్తకం చదువుతున్నాను. ఆ మాట ఒప్పుకోవడం నిద్రపోయానని చెప్పడం కంటే అవమానంగా తోచి ఊరుకున్నాను. పాలిటెక్నిక్ సగంలో ఆగిపోయి, పాత పుస్తకాల బండి మీద దొరికిందల్లా చదివి, నా కంటే తెలివితక్కువ వాళ్ళందరికీ నా కంటే మంచి ఉద్యోగాలున్నాయని కుళ్ళుకుంటూ తిరిగే రోజులవి. ఒక్క దొంగ చేతికి దొరికితే బాగుండునని ఆ వారమంతా ఎదురు చూశాను.

ఐదున్నర దాటింది. మంచు దట్టంగా ఉంది. మా గేటు ముందు సైకిళ్ళ కోసం గీసిన లేనులో ఒక ముసలాయన మంకీ టోపీ పెట్టుకుని, నడిచేవాడి కంటే నెమ్మదిగా తొక్కుకుంటూ వస్తున్నాడు. ఇరవై గజాలకోసారి దిగి, వెనక చక్రం దగ్గర వంగి, ఏదో లాగి సంచిలో వేసుకుంటున్నాడు. సంచి బరువుకి హ్యాండిల్ ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఈ ఊళ్ళో పుట్టిన ఎవడైనా నాలాగే అనుకుంటాడు. చీకటి విడవకముందు సైకిలు మీద ఇనుము మోసుకెళ్ళేవాణ్ణి మాకు వేరే పేరుతో పిలవడం తెలియదు.

“సంచిలో ఏముంది?” అన్నాను.

“ఇనుం, బాబూ.”

దాచకుండా చెప్పినందుకు నాకు ఇంకా ఒళ్ళు మండింది. “ఎక్కడిది?”

“రోడ్డు మీదిది. ఏరతన్నాను. రోజూ ఏరతాను.”

నేను నవ్వాను. పెద్దగానే నవ్వాను. సైకిలు లోపలికి నెట్టించి, గేటు గదిలో స్టూలు చూపించాను. ఆరింటికి అనిల్ రాగానే అప్పగించి ఇంటికి పోయి, దుప్పటి ముసుగేసుకుని హాయిగా నిద్రపోయాను. లేచేసరికి నేను పెట్టిన ఫోటోని ఎవరెవరో ఎక్కడెక్కడికో పంపేశారు. చాలామంది ‘శభాష్’ అని రాశారు. నా జీవితంలో అన్ని మెప్పులు ఒక్కరోజున రావడం అదే మొదలు.

దుర్గారావు గారు ఆ స్టూలు మీద పన్నెండింటి దాకా కూర్చున్నారు. పన్నెండింటికి యూనిట్ యజమాని సేఠ్ వచ్చి సంచిలో చెయ్యి పెట్టి చూశాడు. మా యూనిట్ ముక్కలు అరచేయంత మందం ఉంటాయి. సంచిలో ఉన్నవి లేత్ మిషన్ల కింద రాలే సన్నటి ఇనుప చుట్టలు, తల వెంట్రుకల్లాంటి పోగులు, ఒకటీ అరా మేకులు. “యే తో హమారా మాల్ నహీఁ హై” అని సేఠ్, సరుకు తమది కాదని తేల్చి ఆయన్ని పొమ్మన్నాడు. సైకిలు ఇచ్చేశారు. దాని వెనక కట్టి ఉన్న అయస్కాంతాల పట్టీ మాత్రం, ఎందుకైనా మంచిదని గదిలోనే ఉంచేసుకున్నారు. ఆరున్నర గంటల్లో ఆ ముసలాయన ఒకసారి మంచినీళ్ళు అడిగాడనీ, ఒకసారి “ఎనిమిది అయిందా బాబూ?” అని అడిగాడనీ అనిల్ తర్వాత చెప్పాడు.

ఎనిమిది ఎందుకో నాకు సాయంత్రం తెలిసింది. మా అమ్మ భాగ్యరేఖ హథ్‌ఖోజ్‌లోనే ఇంకో యూనిట్‌లో నట్లు, బోల్టులు డబ్బాల్లో సర్దే పని చేస్తుంది. ఎనిమిదిన్నరకు లోపల ఉండాలి. ఆ వేళకి ఖుర్సీపార్ నుంచీ, చుట్టుపక్కల బస్తీల నుంచీ ముప్ఫై నలభై మంది ఆడవాళ్ళు సైకిళ్ళ మీద ఆ లేనులోనే వెళ్తారు. ఆ రోజు అమ్మ సైకిలు గుమ్మానికి ఆనించి, చెప్పులు కూడా విప్పకుండా నా దగ్గరికి వచ్చింది.

“ఒరే గిరీ, ఆ బొమ్మ నువ్వేనేటి ఎట్టింది? మా యూనిట్లో ఆడోల్లందరి ఫోన్లలోనూ అదే.”

“దొంగని పట్టుకున్నాను. అందులో తప్పేముంది?”

“దొంగా? నీ మొకం. దుర్గారావు బాబాయిరా ఆయన. ఆర్నెల్ల నుంచీ నా సైకిలికి ఒక్క పంచర్ పడ్లేదు. ఎందుకో ఒక్కసారైనా అడిగినావా? అన్నీ పుస్తకాల్లో సదివేస్తావు గదా, ఇది రాయలేదేటి అందులో?”

ఆ రాత్రి నేను గ్రూపులో, ‘ఆయన దొంగ కాదు, పొరపాటు నాది’ అని రాసి పెట్టాను. ముగ్గురు బొటనవేలు గుర్తు పెట్టారు. దాన్ని ఎవరూ ఎక్కడికీ పంపలేదు.

*

మిగతా సంగతులు నాకు చెప్పింది పంచర్ల చిన్నారావు. లేను మొదలయ్యే చోట వేపచెట్టు కింద ఆయన షాపు. షాపంటే ఒక గాలి పంపు, నీళ్ళ బేసిను, టార్పాలిన్.

ఆ లేను వేసి అప్పటికి ఎనిమిది నెలలయింది. రోడ్డు అంచున రెండు గజాల వెడల్పున పచ్చ రంగు, దాని పక్కన తెల్ల గీత, గీత మీద మోకాలెత్తు ప్లాస్టిక్ స్తంభాలు. అంతకు ముందు సైకిలు వాళ్ళు లారీల చక్రాల పక్కనే పోయేవారు. దుర్గారావు గారి తోడల్లుడు ధర్మారావు పదేళ్ళ కిందట అలాగే ఆ రోడ్డు మీద చనిపోయాడు. రెండో షిఫ్టుకి వెళ్తుంటే వెనక నుంచి వచ్చిన ట్రెయిలర్ ఆయన్ని చూసుకోలేదట. లేను వేసిన రోజున దుర్గారావు గారు స్మృతి నగర్‌లోని తన ఇంటి నుంచి వచ్చి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి, తిరిగొచ్చి, చిన్నారావు షాపు దగ్గర కూర్చుని ఒకే ఒక్క మాట అన్నారట. “పదేళ్ళు ముందు గియ్యవలసిన గీత.”

లేను వచ్చాక ఆ రోడ్డు మీద సైకిలు మనిషి ఒక్కడూ చావలేదు. ఎవరూ అనుకోని చిక్కు మాత్రం ఒకటి వచ్చింది. హథ్‌ఖోజ్ లేత్‌ల కింద పోగయ్యే ఇనుప చుట్టల్ని లారీల్లో కొలుములకి తోలతారు. పైన పట్టా కప్పరు. గుంతలో పడ్డప్పుడల్లా కొంత రాలుతుంది. లారీల గాలికీ, ఊడ్చే బండికీ ఆ రాలిందంతా అంచుకి చేరుతుంది. అంచు ఇప్పుడు లేను. మా అమ్మకి వారానికి రెండు పంచర్లు పడేవి. పంచర్ పడి ఆలస్యమైతే గేటు మూసేస్తారు, ఆ పూట పని పోయినట్టే. నెల తిరక్కుండా ఆడవాళ్ళంతా పచ్చ రంగు వదిలేసి మళ్ళీ లారీల పక్కకి పోయి తొక్కడం మొదలుపెట్టారు. ట్యూబు కోసం.

“అది సూసి ఆయనకి నిద్ర పట్టలేదురా” అన్నాడు చిన్నారావు. “నాలుగు రోజులు ఇక్కడే కూకుని ఒకటే సూడ్డం. అయిదో రోజు ఆ మాగ్నెట్ కట్టుకొచ్చినాడు. నా బేరం మొత్తం పోయింది. ‘నా పొట్ట కొట్టినావు అన్నయ్యా’ అన్నాను. ‘నీకు పొట్టెక్కువైంది, తగ్గనీ’ అన్నాడు.”

అయస్కాంతం ఆయనకి తెలిసిన పని. సోంపేట దగ్గరి ఊరి నుంచి పందొమ్మిదో ఏట మేనమామ వెంట భిలాయి వచ్చి, ఉక్కు కర్మాగారంలో ఖలాసీగా, అంటే సాయం కూలీగా చేరి, తర్వాత స్క్రాప్ యార్డులో మాగ్నెట్ క్రేన్ ఆపరేటరయ్యారు. ఎత్తు మీద గాజు కేబిన్‌లో కూర్చుని, గొలుసులకు వేలాడే బండిచక్రమంత అయస్కాంతాన్ని తుక్కు కుప్ప మీదికి దించడం, కరెంటు పెట్టడం, టన్నుల కొద్దీ ఇనుము ఎగిరి అతుక్కుంటే కొలిమిలో పోసే పెద్ద బక్కెట్ మీదికి తీసుకెళ్ళి కరెంటు ఆపడం. ఇరవై ఎనిమిదేళ్ళు అదే. షిఫ్టు దిగి గేటు దాటే ప్రతిరోజూ జేబులు తడిమి చూసేవాళ్ళు. అన్నేళ్ళూ తుక్కు మధ్య బతికిన మనిషి ఇంటికి ఒక్క మేకు తెచ్చుకోలేదు. తోటివాళ్ళు స్కూటర్లు కొన్నారు, కార్లు కొన్నారు. ఆయన సైకిలు మీదే రిటైరయ్యారు.

రోడ్డు కోసం ఆయన తయారు చేసుకున్నది చిన్న సరంజామా. పాడైన లౌడ్‌స్పీకర్ల నుంచి తీసిన మూడు గుండ్రటి అయస్కాంతాలు ఒక చెక్క పట్టీకి బిగించి, వెనక చక్రం వెనకాల తాళ్ళతో వేలాడదీశారు. తెల్లవారకముందే, ఆడవాళ్ళు బయల్దేరే వేళకు చాలా ముందే, ఒకసారి ఆ చివరిదాకా, ఒకసారి వెనక్కి. ఎనిమిదికల్లా లేను శుభ్రంగా ఉండాలి. ఎవరికీ అడ్డు కాకూడదనే ఆ వేళ ఎంచుకున్నారు. ఆ వేళే ఆయన్ని నాకు దొంగగా చూపించింది.

*

ఫోటో తర్వాత దుర్గారావు గారు ఆ రోడ్డు వైపు రావడం మానేశారు. నేను రోజూ డ్యూటీ దిగి లేను వైపు చూసేవాణ్ణి. మొదట పచ్చ రంగు మీద అక్కడక్కడా మెరుపులు, వారం తిరిగేసరికి ఎండ పడితే లేను పొడుగునా తళతళ. మా అమ్మకి రెండు పంచర్లు పడ్డాయి. మూడో వారం ఆవిడ మళ్ళీ లారీల పక్కన తొక్కుతోందని నాకు తెలుసు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం అమ్మ కుడిచేయి మెడకి కట్టుకుని వచ్చింది. లారీ పక్క అద్దం భుజానికి తగిలిందట. ఎముక విరగలేదు. సైకిలు పడింది, ఆవిడ మట్టిలోకి పడింది.

“లేనులో పోవచ్చు కదా!” అని అరిచాను.

“పోతాను. తుడిచినోణ్ణి తోలీసినావు గదా, నువ్వొచ్చి తుడు.”

మర్నాడు డ్యూటీలో గేటు గదిలో మూలనున్న చెక్క పట్టీ తీసి నా టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను. అనిల్‌ని అడిగితే సేఠ్‌ని అడగమనేవాడు, సేఠ్‌ని అడగాలంటే నాకు నోరు లేదు. యూనిట్ గేటు దాటించి సామాను పట్టుకుపోయింది ఆ గేటు కాపలా వాడే. నా ఉద్యోగం మొత్తానికీ నా కళ్ళ ముందు జరిగిన దొంగతనం అదొక్కటే.

తిన్నగా స్మృతి నగర్ వెళ్ళాను. గేటు దగ్గర దుర్గారావు గారి భార్య అప్పలనర్సమ్మ గారు కొత్తిమీర ఏరుకుంటూ కూర్చున్నారు. నా ఒంటి మీది కాపలా యూనిఫాం చూడగానే చెయ్యి ఆగిపోయింది.

“ఏటి, మళ్ళీ ఒచ్చినారా? ఇంకేటి ఎత్తుకొచ్చినాడట ఆయన?”

“నేను గిరీష్‌ని మామ్మా. ఆ ఫోటో...”

“ఓహో. నువ్వేనా ఆ బొమ్మల మారాజువి!” ఆవిడ లేచారు. “రా, లోపలికి రా. పెరట్లో ఇంకా ఉన్నాది సరుకు, అది కూడా బొమ్మ తీసుకో.”

పెరట్లో గోడ వారగా పదకొండు పెయింటు డబ్బాలు ఉన్నాయి. నిండా ఇనుప చుట్టలు, తుప్పు పట్టి ముద్దలు కట్టిపోయాయి.

“అమ్మీవయ్యా, ఇంట్లో ఎందుకూ అంటే, ‘అమ్మితే ఏటంటారు? రిటైరయ్యాక దుర్గారావు స్క్రాప్ అమ్ముకుంటన్నాడంటారు’ అన్నాడు. అమ్మకుండానే అనిపించుకున్నాడు. కూతురు దుర్గ్ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. పక్కింటోల్లు మాట మార్చీసి మాట్లాడతన్నారు. బొమ్మ ఎట్టినోడు ఎట్టీసి ఎల్లిపోయినాడు గానీ, ఈ ఈధిలో ఉండాల్సినోల్లం మేమే.”

దుర్గారావు గారు బయటికి వచ్చారు. నన్ను గుర్తు పట్టారు. కూర్చోమన్నారు. టీ ఇప్పించారు. మా నాన్న పేరు అడిగారు, ఏ ఊరి వాళ్ళమో అడిగారు, వంశధార మీద వంతెన గురించి మాట్లాడారు. నేను సంచిలోంచి చెక్క పట్టీ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాని వైపు చూసి చూపు తిప్పుకున్నారు.

“అది నువ్వే ఉంచుకో. నాను ఇంక ఇనుం ముట్టుకోను.”

“తాతయ్యా, లేను మళ్ళీ పాడైపోయింది. మా అమ్మకి...”

“తెలుసు. చిన్నారావు సెప్పినాడు. ఎలాగున్నాది భుజం?” అన్నారు. నొప్పి ఉందని చెప్పాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు. “ముప్పై నాలుగేళ్ళు గేటులో జేబులు సూపించినాను. ఒక్కనాడు ఒక్కడు నన్ను పక్కకి నిలబెట్టలేదు. ఇప్పుడు ఆ రోడ్డు మీద వంగితే, ఎనకాల ఎవుడో సూస్తన్నట్టే ఉంటాది. నడుం వంగదురా.”

క్షమించండి అని అడగడానికే వెళ్ళాను. ఆ మాట విన్నాక క్షమాపణ చాలా చవకబారు వస్తువుగా కనిపించింది. అడక్కుండానే లేచి వచ్చేశాను.

*

సోమవారం నుంచి నేనే మొదలుపెట్టాను. నా సైకిలు వెనక ఆ పట్టీ కట్టి, డ్యూటీ దిగాక ఆరున్నరకి, వెలుగు వచ్చాక, యూనిఫాం తోనే. దారిన పోయేవాళ్ళు ఊరుకోలేదు. “క్యా గిరీష్ భాయ్, చోర్ కీ కుర్సీ ఖాలీ థీ క్యా?” అని, దొంగ కుర్చీ ఖాళీ అయితే నేనెక్కానా అన్నట్టు, మా యూనిట్ వెల్డర్ ఒకడు అరిచాడు. పాల సైకిలు వాడు ఆగి మరీ నవ్వాడు.

నవ్వుల కంటే పని ఎక్కువ బాధపెట్టింది. పట్టీ ఒకసారి గుంతకి తగిలి తిరగబడింది. పైకి కడితే ఏమీ అంటుకోలేదు. అంటుకున్నది ఊడి రాలేదు. ఇనుప పోగులు అయస్కాంతానికి గడ్డంలా మొలిచేవి, గీకితే ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జరిగేవి. మూడు రోజులకే నా వేళ్ళ చివర్లు చీలికలైపోయాయి. మూడు గంటలు తిప్పినా లేను సగం కూడా తెమల్లేదు.

నాలుగో రోజు చిన్నారావు షాపు ముందు దుర్గారావు గారు టీ గ్లాసుతో కూర్చుని ఉన్నారు. నన్ను పలకరించలేదు. నేను వెళ్తుంటే చూశారు, వస్తుంటే చూశారు. మూడోసారి ఆయన ముందు నుంచి పోతుంటే గ్లాసు కింద పెట్టేశారు.

“ఓరి గుంటడా, ఆగు! అదేటి, పెళ్ళి ఊరేగింపేటి, అంత జోరుగా పోతన్నావు? మాగ్నెట్ ఇనుం మీదకొచ్చినాక ఒక్క చిటికె సేపు ఆగాల. ఇనుం లేచి రావొద్దా?”

“ఆగుతున్నాను తాతయ్యా.”

“ఆగతన్నాడట. ఎంత ఎత్తున కట్టినావు? కుక్కకి అన్నం ఎట్టినట్టు అంత పైకి! రెండు వేళ్ళు, రెండే రెండు వేళ్ళు ఎడం ఉండాల కింద.” ఆయన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తాళ్ళు విప్పారు. అప్పుడు నా చేతులు చూశారు. “ఇదేటి? గుడ్డ కట్టలేదా దీనికి?”

“గుడ్డా?”

ఆయన చిన్నారావు వైపు తిరిగారు. “సూసినావా? పదారు పుస్తకాలు సదివినాడట, గుడ్డ కట్టాలని తెల్దు.” చిన్నారావు దగ్గర ఒక పాత గుడ్డ సంచి తీసుకున్నారు. అయస్కాంతాలకి సంచి తొడిగి, రెండు వైపులా ముడి వేశారు. పట్టీని రోడ్డు మీద ఒకసారి తిప్పి ఎత్తారు. ఇనుమంతా సంచికి అంటుకుంది. ముడి విప్పి సంచి పక్కకి లాగేసరికి ఇనుము ఒక్కసారి జలజలమని రాలిపోయింది. “కేబిన్లో నాకు స్విచ్చుండేది. దీనికి స్విచ్చు లేదు గదా. అంచేత గుడ్డే స్విచ్చు.”

నేను మూడు రోజులు నెత్తురు కార్చిన పని అది. ఆయన ఆ రోజు లేచి వెళ్ళలేదు. నా వెనకాలే సైకిలు మీద వస్తూ, తిడుతూ, లేను చివరిదాకా వచ్చారు. ఎనిమిదింటికి ఆడవాళ్ళ సైకిళ్ళు ఎదురయ్యాయి. ముందున్న మా అమ్మ, ఒంటి చేత్తో తొక్కుతున్నదల్లా, కాలు కింద ఆనించి ఆగింది.

“బాబాయ్, ఒచ్చీసినావా?”

“నాను రాలేదమ్మా. నీ కొడుకు పని సూళ్ళేక ఒచ్చినాను.”

ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయన రోడ్డు మీద వంగి ఒక మేకు తీశారు. ముప్ఫై మంది చూస్తుండగా వంగారు.

మర్నాడు ఆయన రెండు షరతులు పెట్టారు. తెల్లవారకముందు ఇంక రారు. ఏడు నుంచి ఎనిమిది దాకా, అందరూ తిరిగే వేళే వస్తారు. ఏరిన ఇనుము ఇంటికి పోదు. చిన్నారావు షాపు పక్కన మూతలేని డ్రమ్ము పెట్టించి, దాని మీద నా చేత ‘రోడ్డు ఇనుము’ అని తెలుగులోనూ హిందీలోనూ రాయించారు. పెరట్లో పదకొండు డబ్బాలు కూడా పట్టపగలు రిక్షాలో తెచ్చి అందులోనే పోశారు. అప్పలనర్సమ్మ గారు రిక్షా వెంట నడిచి వచ్చారు. వీధిలో ఎదురైన ప్రతివాళ్ళకీ, “సూడండి, మా ఆయన దాచిన బంగారం” అని చూపించుకుంటూ వచ్చారు.

డ్రమ్ము నిండితే దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఫౌండ్రీ వాళ్ళు తీసుకెళ్ళేవారు. ఊరికే ఎందుకని, వాళ్ళు దానితో మోకాలెత్తు స్తంభాలు ఎనిమిది పోసి ఇచ్చారు. లారీలు విరగ్గొట్టిన ప్లాస్టిక్ స్తంభాల చోట, అడగాల్సిన వాళ్ళని అడిగి వాటిని పాతించాం. ఆ డ్రమ్ము చూసి ఇద్దరు ముగ్గురు లారీ డ్రైవర్లు సరుకు మీద పట్టా కప్పడం మొదలుపెట్టారు. మిగిలిన వాళ్ళు కప్పరు. అందరూ మారిపోయారని రాస్తే అబద్ధమవుతుంది.

*

ఆయన నాకు ఏం చేశారని ఎవరైనా అడిగితే, ముందు మా అమ్మ భుజం గుర్తొస్తుంది. ఇంకో లారీ అద్దం దాన్ని తాకలేదు. తర్వాత జామచెట్టు.

స్మృతి నగర్ ఇంటి పెరట్లో జామచెట్టు కొమ్మకి ఆయన ఒక తాడు కట్టి, తాడుకి ఇటుక కట్టారు. కొమ్మ మీద తాడుని అటూ ఇటూ జరిపేలా ఒక ఇనుప రింగు పెట్టారు. క్రేన్ పని నేర్పడానికి ఆదివారాలు నన్ను రమ్మనేవారు.

“ఇటిక ఊగతన్నాది. ఆపు.”

నేను చేత్తో ఇటుకని పట్టుకోబోయాను. చేతి మీద ఒకటి వేశారు.

“క్రేన్లో కూకున్నోడికి చెయ్యి అందుతాదేటి? పైనున్న రింగుతోనే ఆపాల.”

రింగుని వెనక్కి లాగాను. ఇటుక ఇంకా ఎక్కువ ఊగింది.

“అందరూ అదే తప్పు సేస్తారు. ఊగిన సరుకుని ఎనక్కి లాగితే ఇంకా తన్నుతాది. అది ఎటు పోతన్నాదో అటే నువ్వు కూడా కొంచెం ఎల్లాల. దానికంటే కొంచెం ముందుకెల్లి ఆగాల. అప్పుడది నీ కిందకొచ్చి నిలబడతాది.”

అది కుదరడానికి నాకు ఎనిమిది ఆదివారాలు పట్టింది. తొమ్మిదోసారి ఇటుక గాలిలో మేకు కొట్టినట్టు నిలబడింది. ఆయన లోపలికి చూసి, “ఒసే, ఆడికి కాసింత అన్నం కూడా ఎట్టు” అన్నారు. చేతి సైగలు, తాళ్ళ ముడులు, బరువు అంచనా వేయడం అన్నీ ఆ చెట్టు కిందే నేర్పారు. పుస్తకాల్లో దొరకనిదేదో ఉందని ఒప్పుకోవడం నాకు కష్టం. ఆ చెట్టు కింద ఒప్పుకున్నాను.

పోయిన ఏడు హథ్‌ఖోజ్‌లో ఒక యూనిట్‌లో పది టన్నుల క్రేన్‌కి మనిషి కావాలంటే ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ పనిలో పెట్టించారు. అక్కడి ఫోర్‌మన్ నన్ను కాదు, ఆయన్ని చూసి, “మాగ్నెట్ వాలే దుర్గారావ్ జీ?” అని లేచి నిలబడ్డాడు. ఆ రోడ్డు మీద ఆయన పేరు ఇప్పుడది. నేను పెట్టిన పేరు ఎక్కడైనా ఏదో ఒక ఫోనులో ఇంకా ఉండే ఉంటుంది. దాన్ని నేను వెనక్కి తెచ్చుకోలేను. ఆ సంగతి మరిచిపోకపోవడం ఒక్కటే నాకు చేతనయింది.

గత నెల ఆయనకి మోకాలి ఆపరేషన్ జరిగింది. డాక్టర్లు మూడు నెలలు సైకిలు ఎక్కొద్దన్నారు. ఇంక ఎప్పటికీ ఎక్కొద్దని కూడా అన్నారట, అది ఆయన ఎవరికీ చెప్పలేదు, అప్పలనర్సమ్మ గారు చెప్పారు. పొద్దున్నే వెళ్ళాను. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఎవరూ లేరు. రెండేళ్ళుగా గొంతులో ఉన్నది అప్పుడు బయటికి వచ్చింది.

“తాతయ్యా, ఆ రోజు నేను మిమ్మల్ని ఆపడం...”

ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. కోపంగా లేరు. ఎన్నాళ్ళ నుంచో సిద్ధం చేసుకున్న మాటలా, తొందర లేకుండా చెప్పారు.

“ఆపడం తప్పు కాదురా. కాపలా ఉన్నోడు ఆపాల. అడగాల. నువ్వు అడిగినావు, నాను ఉన్నదున్నట్టు సెప్పినాను. నువ్వు ఇన్లేదు. తప్పు అదొక్కటే. ఇకమీద ఎవుణ్ణి ఆపినా, ఆడు సెప్పింది ఆకరిదాకా ఇను. ఇప్పుడు బేగెల్లు, ఏడవుతన్నాది. రాత్రి వానకి ఇనుం తడిసిపోయుంటాది, తుప్పట్టి రోడ్డుకి కరుచుకుపోద్ది. చీపురు కూడా పట్టుకెల్లు.”